మిషనుతో వచ్చే మనిషి

పాప్‌కార్న్ మిషన్ కొనాలా, అద్దెకే తెచ్చుకోవాలా అన్నది తేల్చడానికి వాళ్లు భీమయ్యనే పిలిచారు. మేకను పిలిచి, మసాలా కాస్త నువ్వే నూరిపెట్టు అన్నట్టుంది.

బుధవారం సాయంత్రం. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మల్లికార్జునరావు ఉండే విల్లా. గుమ్మం ముందు పది పన్నెండు జతల చెప్పులున్నాయి. వాటికి ఎడంగా, గోడ వారన తన బూట్లు విప్పిపెట్టాడు భీమయ్య. సాక్సుకున్న చిరుగును బొటనవేలి కిందికి మలుచుకుని లోపలికి పోయాడు. హాల్లో అక్కడి తెలుగువాళ్ల సంఘం కమిటీ కూర్చునుంది. సోఫాలో చోటుంది. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ కనబడితే దాని అంచున ఆనుకున్నాడు.

"భీమయ్యా, ఏడాదికి ఎన్నిసార్లు తెప్పిస్తున్నామయ్యా?" అన్నాడు మల్లికార్జునరావు. సంఘానికి అధ్యక్షుడు. ఆఫీసులో కూడా పెద్ద కుర్చీయే.

"నన్నా సార్, మిషన్‌నా?"

అందరూ నవ్వారు. భీమయ్య నవ్వించాలని అనలేదు. అతను పనిచేసే, మిషన్లు అద్దెకిచ్చే కంపెనీ కాగితం మీద 'పాప్‌కార్న్ మిషన్, ఆపరేటర్‌తో' అని ఒకే వరస ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆ వరసలో చివరి మాట తనే.

"మిషన్నేలే. ఉగాది, పిల్లల ఆటల పోటీలు, తొలి ఏకాదశి, బతుకమ్మ, దీపావళి. ఇవి కాక పుట్టినరోజులు. ప్రతిసారీ అద్దె. రెండేళ్ల అద్దె పెడితే మిషన్ మనదే అయిపోతుందని మనవాళ్ల పోరు. నువ్వేమంటావు? నీకన్నా తెలిసినవాడు ఎవడున్నాడు? ఉన్నమాట చెప్పు."

ఉన్నమాట. పొద్దున ముస్సఫాలోని కంపెనీ షెడ్డులో ముదీర్, అంటే మేనేజరు, షాహుల్ చెప్పిన మాట భీమయ్య చెవిలో ఇంకా వేడిగానే ఉంది. "సంఘంవాళ్లు అద్దె మానేసేట్టున్నారు. పోయి మాట్లాడు భీమ్. ఏడాది కాంట్రాక్టు తెస్తే నీ వీసా రెన్యువల్ కాగితాలు టైపింగ్‌కు పంపుతా. లేదంటే నెలాఖరుకు ఖలాస్."

"అద్దె అయితే మీకు ఫికరుండది సార్," అన్నాడు భీమయ్య. "మిషన్ బరువు. ఇద్దరు మొయ్యాలె. గింజలు వేపే కెటిల్ గోరువెచ్చగున్నప్పుడే కడగాలె, చల్లారితే నూనె జిగురోలె పట్టుకుంటది. మీరు వాడేది ఏడాదిల పది దినాలు. కడమ దినాలు యాడ పెడ్తరు? బొద్దింకలు జొరవడ్తయి."

అన్నీ నిజాలే. నిజాన్ని ఇంత అవసరానికి వాడుకోవడం మాత్రం అతనికి ఇదే మొదలు.

"స్టోర్‌రూమ్ ఉందిగా," అంది కామాక్షి. మల్లికార్జునరావు భార్య, సంఘం పనులన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. "కడగడానికంటావా, మంజుల ఉంది."

ఆ ఇంటి పనిమనిషి మంజులే అప్పుడు ట్రే పట్టుకుని వచ్చింది. అందరికీ పింగాణీ కప్పులు ఇచ్చి, భీమయ్య చేతిలో పేపరు కప్పు పెట్టింది. పెట్టి, తలవంచుకుని పోయింది.

"నిజానికి మీ షాహుల్ కూడా కొనుక్కోమనే అన్నాడయ్యా," అన్నాడు మల్లికార్జునరావు. "ఫోన్ చేశాను మధ్యాహ్నం. మనకెప్పుడూ వచ్చే ఆ ఎర్ర మిషన్నే తక్కువలో ఇచ్చేస్తానన్నాడు. అద్దెయినా సరే, అమ్మకమైనా సరే, మీ ఇష్టం సార్ అన్నాడు. మర్యాదస్తుడు."

పేపరు కప్పు మెత్తబడి టీ వేలి మీదికి కారింది. భీమయ్య దాన్ని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. షాహుల్‌కు ఎటు చూసినా లాభమే. అద్దెకు పంపినా నవ్వుతాడు, అమ్మినా నవ్వుతాడు. ఈ బేరంలో నెత్తిన గుడ్డ వేసుకోవలసినవాడు ఒక్కడే, వాడే సలహా చెప్పడానికి కూర్చున్నాడు.

చివరికి కామాక్షే తీర్పు చెప్పింది. "పాప్‌కార్న్ ఎవరైనా చేస్తారు. ఆదివారం తొలి ఏకాదశికి రెండువందల మందికి పేలపిండి చెయ్యాలి. ఆ జొన్న పేలాలు మన చేత్తో మనం వేయించుకోగలిగితే కొందాం. రాకపోతే భీమయ్యా, నువ్వూ నీ అద్దె మిషనే గతి. శుక్రవారం మిషన్ ఇక్కడికి తెచ్చి మాకు నేర్పు."

అలవాటుగా భీమయ్య చెయ్యి చాచాడు. ఏటా ఏకాదశికి జొన్నల సంచి అతనే తను ఉండే లేబర్ క్యాంపుకు తీసుకుపోయి, మిషన్‌తో పాటు తెచ్చేవాడు.

"జొన్నలు ఇక్కడే ఉండనీ. మొదట్నుంచీ మా కళ్లముందే చెయ్యి, వీడియో తీసుకుంటాం."

చాచిన చెయ్యి మోకాలి మీదికి వచ్చేసింది. ముందునాడే గింజకు నీళ్లు చల్లాలె మేడం, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. టీ గుక్కతో పాటు దాన్నీ మింగేశాడు.

బూట్లు తొడుక్కుంటుంటే మంజుల చెత్త సంచితో బయటికి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మోచేతుల కింద చర్మం సబ్బునీళ్లకు పొలుసులు లేచి ఉంది.

"యాడన్నా మీది?"

"కోరుట్ల దిక్కు. నీదేడ చెల్లె?"

"మెట్‌పల్లి అవతల." ఆమె మొహంలో వెలుగొచ్చింది. "మీ మాట ఇనంగనే పట్టిన. నాలుగేండ్లాయె నేనచ్చి. నెలకొక్క ఐతారం బయటికి పంపుతరు. మా చెల్లె షార్జాల, రోలా కాడుంటది. పిల్ల పుట్టింది. మొన్నటి నెల మేడమోళ్లకు సుట్టాలచ్చిరి, పోనియ్యలే. గీ ఐతారం పూజ కాంగనే వోత. పిల్లకు నలభై దినాలు, ఇంక మొకం సూడలే."

"పోయిరా," అన్నాడు భీమయ్య.

*

గురువారం పొద్దంతా షెడ్డులో ఎర్ర మిషన్‌ను తోమాడు. గాజు పలకలు వెనిగర్ నీళ్లతో తుడిచాడు. కెటిల్ అడుగున నల్లటి పొరను చెంచా వెనకవైపుతో గీకాడు. కత్తి పెట్టి గీకితే గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్లీ గింజ అంటుకుంటుంది. మిషన్‌కు మూడు స్విచ్చులు: దీపానికొకటి, లోపల కలియబెట్టే మోటారుకొకటి, వేడికొకటి. మూడింటి మీదా రాతలు ఎప్పుడో చెరిగిపోయాయి. భీమయ్య వేళ్లకు రాతలతో పనిలేదు. అయిదో తరగతితో బడి మానేసిన వేళ్లు అవి.

పికప్ నడిపే గంగాప్రసాద్ టైరు మీద కూర్చుని ఖుబ్బూస్ రొట్టె నములుతూ చూస్తున్నాడు.

"ఏం భీమన్నా, నీ దినాలకు నిన్నే వంటకు పిలిసిండ్రట?"

"నోరు మూసుకోని తిను."

"తింట గని, జొన్నలు తడుపుడు చెప్పినవా?"

భీమయ్య చెంచా ఆగింది. "లే."

జొన్న పేలాలకు మర్మం అదొక్కటే. ఈ దేశంలో దుకాణంలోనూ ఇంట్లోనూ ఏసీ గాలికే ఎండి గింజ రాయవుతుంది. ముందునాటి సాయంత్రం గోరువెచ్చటి నీళ్లు చల్లి, గుడ్డలో మూటకట్టి, తెల్లారి నీడన ఆరబెట్టాలి. కడుపులో ఆ కొంచెం తడి ఉంటేనే గింజ వేడికి పగిలి పువ్వవుతుంది, లేకుంటే మాడి చస్తుంది. కెటిల్‌లో నూనె బదులు రెండు పిడికిళ్ల దొడ్డుప్పు వెయ్యాలి. ఇవేవీ కంపెనీ నేర్పినవి కావు. ఊళ్లో వాళ్లవ్వ మంగలంలో ఇసుక పోసి వేపుతుంటే, పక్కన కూర్చుని ఎగిరిపడ్డవాటిని ఏరుకుతిన్న కాలం నేర్పింది.

"చెప్పకు," అన్నాడు గంగాప్రసాద్. "నువ్వేం అబద్ధమాడుతున్నవా? చెప్తలేవు, గంతే. హోటలోడు బిర్యానీల ఏమేసిండో నీకు చెప్తడా? రేపు వాళ్ల జొన్నలు బొగ్గయితయి. 'ఓ భీమయ్యా, నువ్వు లేంది మాతోని కాదు' అంటరు. కాంట్రాక్టు, వీసా, మామ్లా ఖతం."

"గంతేనంటవా?"

"గంతే మరి. పెద్దోళ్లు దాసుకుంటే తెలివి, మనం దాసుకుంటే దొంగతనమా?"

సాయంత్రం ఐకాడ్ క్యాంపుకు చేరి, బనియన్ మార్చుకుని మెట్ల మీద కూర్చున్నాడో లేదో ఫోన్ మోగింది. కూతురు రేణుక. కరీంనగర్లో నర్సింగ్ రెండో ఏడు.

"నాయినా, ఇయ్యాల నేనే సెలైన్ పెట్టిన. మొదటి పోటుకే నరం దొరికింది."

"పాపం, ఆ మనిషి మొత్తుకున్నదా?"

"ముసలామె నాయినా. నొయ్యనే లేదు బిడ్డా అన్నది. నా చెయ్యి పట్టుకోని సూసింది." కాసేపు నవ్వింది. తర్వాత గొంతు మారింది. "కాయిదాలు ఐనయా?"

"ఐతున్నయి."

"ఇంక రెండేండ్లేగా నాయినా. నేను బయటవడ్డంక నువ్వు ఊకె ఇంట్ల కూసో."

వీసా రెండేళ్లకిస్తారు. చదువు రెండేళ్లుంది. దేవుడనేవాడుంటే ఆ రెండూ ఒకే కొలతతో కోశాడు, మధ్యలో షాహుల్‌ను కూర్చోబెట్టాడు.

ఫోన్ పెట్టేశాక నల్లా కింద కాళ్లు కడుక్కుంటూ భీమయ్య చేతిని నీళ్లలో ముంచాడు. ముంచి, ఊరికే ఒకసారి వేళ్లు విదిలించాడు. తుంపరలు మెట్ల మీద పడి, చూస్తుండగానే ఆరిపోయాయి. ఏటా ఈ వేళకు జొన్నల మీద ఇలాగే చల్లేవాడు. ఇప్పుడు ఒక్క ఫోన్ చేస్తే చాలు. కామాక్షి మేడం నంబరు తీశాడు, చూశాడు, ఫోన్‌ను బోర్లా పెట్టాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక భీమయ్య, గంగాప్రసాద్ చెరో పక్క పట్టి మిషన్‌ను విల్లా వెనక వంటింటి వరండాలోకి దించారు. గంగాప్రసాద్ పోతూ పోతూ కన్ను గీటాడు.

కామాక్షి చేతులకు గ్లవుజులు తొడుక్కుంది. ఫోన్‌ను స్టాండుకు తగిలించింది. మల్లికార్జునరావు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మంజుల వంటింటి గడపలో, గిన్నెలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నిలబడింది.

"చెప్పు భీమయ్యా, ముందు ఏం చెయ్యాలి?"

"ముందు దీపం స్విచ్చి మేడం. తర్వాత మోటరు. ఆఖరికి వేడి. నాలుగు నిమిషాలు కాగనియ్యాలె." భీమయ్య చేతులు వెనక కట్టుకున్నాడు. ముందుకు పెడితే అవి తమంతట తాము ఆ సంచీలోకి పోతాయేమోనని భయం. "దొడ్డుప్పు రెండు పిడికిళ్లు. ఇప్పుడు జొన్నలు, గిలాసెడు."

పొడి గింజలు కెటిల్‌లో గలగలమని పడ్డాయి. గులకరాళ్ల చప్పుడు. తడిసిన గింజ అలా మోగదు.

ఒకటి పేలింది. కామాక్షి "ఆ!" అంది సంబరంగా. రెండు. అయిదారు. తర్వాత చప్పుడు లేదు. మోటారు గరగరమంటూ తిప్పుతూనే ఉంది. గాజు పలకల వెనక సన్నటి పొగ లేచింది.

"తియ్యుండ్రి మేడం, కెటిల్ వంచుండ్రి."

వంచింది. నల్లటి గింజలు, ఉప్పు, మధ్యలో పేలాలు పది. మాడిన వాసన వరండా అంతా కమ్మింది. రెండోసారి వేడి తగ్గించి వేసింది, ఇంకా ఘోరం. మూడోసారి నూనె వేసి చూసింది. మల్లికార్జునరావు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నాడు.

"నువ్వు చేస్తే మల్లెపువ్వుల్లా వచ్చేవి కదయ్యా!"

"చెయ్యి అలవాటుండాలె సార్," అన్నాడు భీమయ్య. కళ్లు కెటిల్ మీదే ఉంచాడు. "ఒక్కనాడు అచ్చేది గాదు."

ఇక అనాలి. 'అయితే నిన్నే పెట్టుకుంటాం' అనాలి. భీమయ్య ఆ మాట కోసం చూశాడు.

కామాక్షి గ్లవుజులు ఒక్కొక్క వేలూ లాగి తీసేసింది. "ఈ మిషన్ గొడవే వద్దండీ. అద్దె వద్దు, కొనడమూ వద్దు. పాప్‌కార్న్ అంటారా, పిల్లలకు పాకెట్లు కొనిపడేద్దాం. పేలాలకు మన మంజుల లేదూ! మంజులా, మీ ఊళ్లో కుండలో వేయించేదాన్నని చెప్పావుగా? రెండు పొయ్యిలూ వెలిగించుకుని, రేపు పొద్దున్నే మొదలుపెడితే ఆదివారం పూజ వేళకు అయిపోతాయి. పన్నెండు కిలోలేగా."

"పన్నెండు కిలోలే," అని తలూపాడు మల్లికార్జునరావు. తగువు తీరినందుకు ఆయనకు హాయిగా ఉంది.

మంజుల "సరే మేడం" అంది. భుజాన ఉన్న గుడ్డ తీసి మళ్లీ భుజానే వేసుకుంది. ఆమె భీమయ్యను చూసింది. కోపంగా కాదు. బాకీ ఉన్నవాణ్ని బజార్లో చూసినట్టు.

వాళ్లిద్దరూ ఏసీలోకి పోయారు. భీమయ్య కెటిల్ ఊడదీసి వంటింటి తొట్టి దగ్గరికి తెచ్చాడు. మంజుల పక్కన గంపలో మాడిన జొన్నలు చెరుగుతోంది, బాగున్న గింజేమైనా మిగిలిందేమోనని.

"నీళ్లు చల్లలే గదన్నా," అంది మెల్లగా.

భీమయ్య నల్లా తిప్పాడు.

"నిన్ననే అనుకున్న. మూట కట్టుమని చెప్తలేడేంది ఈయన అని. చప్పుడు ఇనంగనే తెలిసింది."

"మరి మేడంకు చెప్పకపోయినవా?"

"నన్నెవలడిగిండ్రు?" గంప దించింది. "చెప్తే నిన్ను ఇంటికి పంపుతరట గదా. మీ డ్రైవరు మొన్న వాచ్‌మన్‌తోని అన్నడట. చెప్పకుంటే నన్ను పొయ్యిల వెడ్తరు. పన్నెండు కిలోలు. రెండు దినాలు నిలవడ్డంక పానముంటదా? ఐతారం రోలా లేదు, ఏం లేదు. ఈ చేతులు సూడు, ఉత్త నీళ్లకే మండుతున్నయి, ఇంక సెగకు..." ఆగింది. "నేను చెప్పనన్నా. నీ బువ్వ నేనెందుకు కొడుత? పెద్దోనివి, నువ్వే చెప్పు ఏం జెయ్యాల్నో."

రెండు రోజుల్లో రెండోసారి, ఏం చెయ్యాలో నువ్వే చెప్పమని ఒక మనిషి అతన్ని అడగడం. మొదటిసారి అడిగినవాళ్లకు అతని జవాబుతో పనిలేదు.

కెటిల్ అడుగున మాడు అట్టలా కట్టింది. భీమయ్య చెంచా తిరగేసి గీకాడు. గీకుతూనే ఉన్నాడు. కిందనుంచి తెల్లటి లోహం కనబడేదాకా గీకి, కడిగి, గుడ్డతో తుడిచి, బోర్లించాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. హాల్లోకి నడిచాడు. ఈసారి సాక్సు చిరుగు మలుచుకోవడం మరిచిపోయాడు.

"మేడం, గింజ తప్పు గాదు. మిషన్ తప్పు గాదు. మీ చేతి తప్పు గుడ గాదు."

టీవీ చూస్తున్న ఇద్దరూ తలతిప్పారు.

"జొన్నలకు ముందునాడే నీళ్లు చల్లాలె. నేను చెప్పలే. ఇయ్యాల చల్లి మూట గడితే రేపు మంచిగత్తయి. పొయ్యి మీద అక్కెర లేదు. మంజులతోని వేపియ్యకుండ్రి."

మల్లికార్జునరావు అతని నెత్తి మీదుగా భార్యతో అన్నాడు. "విన్నావా? ఇన్నేళ్లూ జొన్నలు క్యాంపుకు ఎందుకు పట్టుకుపోతున్నాడో ఇప్పుడు తెలిసిందా? వీళ్లని నమ్మితే ఇంతే."

"పోన్లెండి, చెప్పాడుగా," అంది కామాక్షి. అని, వేలితో ఫోన్ పైకి జరుపుతూ, "ఎన్ని నీళ్లు చల్లాలి భీమయ్యా? కొలత చెప్పు, రాసుకుంటాను" అంది.

*

శనివారం జొన్నలు పూశాయి.

ఆ మాట తప్ప వేరే మాట లేదు. కెటిల్‌లో వేసిన నిమిషానికి చిటచిటమని మొదలై, వాన పెద్దదైనట్టు పెద్దదై, మూతను తోసుకుని తెల్లటి పేలాలు గాజు పెట్టె నిండా రాలాయి. పేలని గింజలు, ఉప్పు అడుగు చిల్లుల గుండా కిందికి జారిపోయాయి. కామాక్షి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. గుప్పెడు తీసి నోట్లో పోసుకుని, "అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే!" అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. చెడ్డ మనిషి కాదు. అదే చిక్కు. చెడ్డవాళ్లయితే తిట్టుకునైనా బతకొచ్చు.

నాలుగు విడతలు ఆమే వేసింది. అయిదో విడతకు నడుం పట్టుకుంది. "అబ్బ, ఈ వేడికి నిలబడలేం. కొందామండీ, ఇంత సుళువైతే కొనేద్దాం. మంజులా, ఇలా రా. భీమయ్య చేతులు చూసి నేర్చుకో. ఇకనించి మిషన్ డ్యూటీ నీది. సంఘంలో ఎవరింట్లో ఏ ఫంక్షన్ అయినా నువ్వు, మిషన్."

మల్లికార్జునరావు అప్పటికే ఫోన్‌లో షాహుల్‌తో మాట్లాడుతున్నాడు. "అవునండీ, ఎర్రదే. ఆపరేటర్ అక్కర్లేదు. మా దగ్గర మనిషుంది."

"మేడం," అంది మంజుల. "రేపు పూజ కాంగనే రోలాకు..."

"అయ్యో, రేపెలా? సాయంత్రం పిల్లల ప్రోగ్రాంకి పాప్‌కార్న్ వెయ్యాలిగా. వచ్చే నెల చూద్దాంలే. ఫంక్షన్లన్నీ ఆదివారాలే వస్తాయి మరి, ఎవరేం చేస్తాం?"

భీమయ్య చేతిలో ఉప్పు గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఒక క్షణం తెలియలేదు. రెండు రోజుల సెగ నుంచి తప్పిస్తాననుకుని ఈమెను ఏడాది పొడుగూ సెగలో నిలబెట్టాడు. అద్దె కాగితం మీద వరస చివర తన మాట కొట్టేసి, అక్కడ ఈమెను రాసిచ్చాడు. అదీ జీతం లేకుండా.

కామాక్షి ఫోన్ చార్జింగ్‌కు పెట్టడానికి లోపలికి పోయింది. మల్లికార్జునరావు ఇంకా బేరమాడుతూ వాకిట్లో తిరుగుతున్నాడు.

"ఇటు రా చెల్లె," అన్నాడు భీమయ్య. "అన్నీ చెప్త. సూడు."

అన్నీ చెప్పాడు. పేలుడు మొదలుకాగానే వేడి స్విచ్చి కట్టెయ్యాలని, మిగిలిన పని కెటిలే చేసుకుంటుందని. కెటిల్ పిడిని ఎడంచేత్తో, గుడ్డ నాలుగు మడతలు వేసి పట్టాలని. సబ్బు వద్దని, గోరువెచ్చటి నీళ్లు, నిమ్మచెక్క చాలని, అప్పుడు చేతులు మండవని. ఆమె తలూపుతూ వింటోంది కానీ కళ్లు ఎక్కడో ఉన్నాయి. రోలాలో, నలభై రోజుల పిల్ల దగ్గర.

భీమయ్య వాకిలి వైపు చూశాడు. తర్వాత మిషన్ వెనక వంగి, చొక్కా జేబులోంచి అరచెయ్యంత స్క్రూడ్రైవర్ తీశాడు. పసుపు పిడి, కొస అరిగింది.

"ఇంకొక్కటి. గిది వీడియోల లేదు. గీ నల్ల మూత కనవడ్తుందా, గోలీ అంత? దీనిలోపట ఫ్యూజు ఉంటది. ప్లగ్గు పీకి, గిట్ల సగం సుట్టు తిప్పు. సూడు." తిప్పాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. దీపం లేదు, మోటారు లేదు. ఎర్ర మిషన్ శవంలా నిలబడింది. "మల్ల ప్లగ్గు పీకి, గిట్ల సగం సుట్టు బిగియ్యి." దీపం వెలిగింది.

మంజుల మిషన్‌ను చూసింది, అతన్ని చూసింది.

"పానం బాగలేనినాడు. పోవాల్సిననాడు," అన్నాడు భీమయ్య. "దినాం చెయ్యకు. దినాం జేస్తే కొత్తది కొంటరు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. స్క్రూడ్రైవర్ అందుకుని గిన్నెల గుడ్డలో చుట్టి నడుముకు దోపుకుంది.

*

ఆదివారం పన్నెండున్నరకు షాహుల్ ముందు కాగితం ఉంది. షెడ్డు ఆఫీసులో ఏసీ బల్లి అరిచినట్టు అరుస్తోంది.

"మనసులో పెట్టుకోకు భీమ్," అన్నాడు షాహుల్. "మిషన్ పోయింది. మిషన్ లేకుండా ఆపరేటర్‌ను ఏం చేసుకోను చెప్పు? పై నుంచి ఆర్డర్. నేను కూడా నౌకరే."

భీమయ్య కలం అందుకున్నాడు. ఇంగ్లీషు కాగితం కింద తెలుగులో సంతకం పెట్టాలి. భ దగ్గరే కలం ఆగింది. జేబులో ఫోన్ మోగింది.

"భీమయ్యా, నేను, కామాక్షిని. మిషన్ ఆగిపోయిందయ్యా! పూజకు పేలాలన్నీ చక్కగా అయ్యాయి. అందరూ భలే ఉందన్నారు పేలపిండి. ఇప్పుడు సాయంత్రానికి పాప్‌కార్న్ వేద్దామని చూస్తే దీపం లేదు, ఏం లేదు. పొద్దున్నంతా బాగా తిరిగింది. మా ఆయన స్విచ్చులన్నీ నొక్కి చూశారు."

"మంజులేమన్నది మేడం?"

"దానికేం తెలుసు పాపం? బిక్కమొహం వేసుకుని నిలబడింది. మిషన్ లేనప్పుడు ఇక్కడేం చేస్తుందిలే అని పంపించేశాను. షార్జా బస్సుకు పరిగెత్తింది, చేతిలో పేలాల పొట్లం పట్టుకుని. ఇప్పుడేం చెయ్యమంటావు? నువ్వొచ్చి చూస్తావా?"

భీమయ్య కాగితం వంక చూశాడు. "నేను ఇంక రానీకి లేదు మేడం. వేడెక్కుంటది. ఇయ్యాల ముట్టకుండ్రి. రేపు అదే తిరుగుతది."

"అంతేనంటావా? అద్దెకే ఉంచుకోవాల్సిందేమోనయ్యా. నిన్నడిగినప్పుడు నువ్వదే చెప్పావు."

"లేదు మేడం. మంచి మిషన్. మంచిగనే కొన్నరు."

ఫోన్ జేబులో వేసుకున్నాడు. సంతకం పెట్టాడు. మూడక్షరాలకు అంతసేపా అన్నట్టు షాహుల్ చూస్తున్నాడు. ఫోన్ మళ్లీ వణికితే సగం బయటికి తీసి చూశాడు. రేణుక. ఈ గది దాటేదాకా ఆ పేరు వైపు చూడదలుచుకోలేదు. ఫోన్‌ను మళ్లీ జేబులోకి తోశాడు. మోగి మోగి ఆగింది.

షాహుల్ ఇంకో కాగితం తీసి, కంపెనీ సామాను ఒక్కొక్కటే చదువుతూ టిక్కు పెట్టాడు. ఏప్రాన్లు రెండు. టోపీ ఒకటి. లాకరు తాళంచెవి. భీమయ్య ఒక్కొక్కటీ మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

"స్క్రూడ్రైవర్? పసుపుది."

"లేదు."

"లేదంటే? పన్నెండేళ్లలో నువ్వు ఒక్క చెంచా కూడా పోగొట్టలేదే! ఎక్కడ పోయింది?"

"మిషన్‌తోనే పోయింది సార్," అన్నాడు భీమయ్య.